ఈకలు పీక్కునే చిలకకి మనం ఏం బాకీ ఉన్నాం?



గత వారం వీడియోలో భక్త రామదాసు గారి చెరసాల గురించి చెప్పుకున్నాం. టైమ్ సరిపోక ఒక ముక్క పైపైన చెప్పి వదిలేశాం. పోయిన జన్మలో ఆయన ఒక చిలకని పంజరంలో పెట్టారట, ఆ కర్మే ఈ జన్మలో గోల్కొండ కోటలో 12 ఏళ్ళ చెర అయి వచ్చిందట. చరిత్ర చెప్పే కారణం వేరు. పాల్వంచ పరగణాలో తహసీల్దారుగా వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించారు, ఖజానాకి డబ్బు రాలేదని తానీషా జైల్లో వేయించాడు. చిలక సంగతి అమ్మమ్మలు చెప్పే కథ. కానీ ఆ చిలక గురించే ఎక్కువ మంది అడిగారు. ఒకావిడ రాసిన మెసేజ్ మాత్రం నన్ను వదల్లేదు. "మా ఇంట్లో చిలక ఉందండీ. ఆరు నెలల నుంచి తన ఈకలు తానే పీక్కుంటోంది. ఛాతీ మొత్తం బోసిగా అయిపోయింది. ఇది నాకు పాపమా? దీన్ని మాన్పించడం ఎలా?"

ఇవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఒకటి పంతులుగారిని అడగాల్సింది, ఇంకోటి డాక్టర్‌ని అడగాల్సింది. నాకు మాత్రం రెండూ ఒకటే అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగు పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ముందు "మాన్పించడం" అన్న మాట చూడండి. గోళ్ళు కొరికే పిల్లాడి చేత మాన్పిస్తాం, సిగరెట్ మాన్పిస్తాం. అంటే తప్పు చేసేవాడు అవతలివాడు, సరిచేసేవాళ్ళం మనం. చిలక విషయంలో ఈ లెక్క మొదట్లోనే తేడా కొడుతుంది. అడవిలో స్వేచ్ఛగా ఉన్న చిలకలు ఇలా ఒళ్ళంతా పీక్కుని బోడిగా అయిపోవడం దాదాపు ఎవరూ చూడలేదు. ఇది పంజరంలో, మనుషుల ఇళ్ళల్లో కనిపించే బాధ. ఈకే కదా దాని చలికోటు, రెయిన్‌కోటు, రెక్క అన్నీ. రోజులో ఎంతోసేపు ఒక్కో ఈకని ముక్కుతో దువ్వి సర్దుకునే పక్షి అది. అలాంటిది అదే ముక్కుతో అదే ఈకని పీకేస్తోందంటే, దాన్ని "చెడ్డ అలవాటు" అనడానికి నాకు మనసు ఒప్పుకోదు.

మేం ఆఫీసులో రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు సర్వర్ నుంచి అలర్ట్‌లు వస్తూ ఉంటాయి. విసుగొచ్చి అలర్ట్‌ని మ్యూట్ చేసేస్తే ఫోన్ నిశ్శబ్దంగానే ఉంటుంది. సర్వర్ మాత్రం పడిపోతూనే ఉంటుంది. చిలక మెడకి ప్లాస్టిక్ కాలర్ వేసి "ఇప్పుడు పీకట్లేదు" అనుకోవడం సరిగ్గా ఇలాంటిదే. చర్మం చీలి రక్తం కారేదాకా వస్తే కాలర్ తప్పదు, అది ఎమర్జెన్సీ. మామూలుగా ఈకలు పీక్కునే పక్షికి మొదటి మందు అది కాదు. షాపుల్లో అమ్మే చేదు స్ప్రేల సంగతి కూడా అంతే. అప్పటికే మంటగా ఉన్న చర్మం మీద ఇంకో చిరాకు పోసినట్టు.

మా పెద్దమ్మ కూతురు, నేను అక్క అనే పిలుస్తాను, నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. 2021లో, అక్క, బావగారు ఇద్దరూ ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు, ఒక ఆఫ్రికన్ గ్రే చిలకని తెచ్చుకున్నారు. పేరు చిట్టి. బూడిద రంగు ఒళ్ళు, ఎర్ర తోక. కుక్కర్ విజిల్, లిఫ్ట్ బెల్, బావగారి "హలో, యామ్ ఐ ఆడిబుల్?" అన్నీ అచ్చు దింపేసేది. రోజంతా అక్క భుజం మీదే. 2023లో ఆఫీసులు మళ్ళీ పిలిచాయి. ఇద్దరూ పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్తే రాత్రి ఏడు. చిట్టి ఒక్కతే. రెండు నెలలకి ఛాతీ మీద ఈకలు పలచబడటం మొదలైంది, ఆ తర్వాత తొడలు. పని మనిషి రోజూ కేజ్ కింద బూడిద రంగు ఈకలు చీపురుతో ఊడ్చేది.

అక్క ఏడ్చింది, గుడికెళ్ళింది, పరిహారం అడిగింది. పెద్దమ్మ "దాని ప్రారబ్ధం, నువ్వేం చేస్తావే" అంది. అక్కని ఓదార్చడానికే అన్న మాట అది. పెద్దలు ప్రేమతో అనే ఇలాంటి మాటల్ని నేను వెక్కిరించను. కానీ ఒక్కసారి ఆగి ఆలోచించండి. కర్మ సిద్ధాంతాన్ని మనకి వర్తింపజేసుకుంటే అది బాధ్యత అవుతుంది: నేను చేసినదాని ఫలితం నాది. అదే సిద్ధాంతాన్ని అవతలి ప్రాణికి వర్తింపజేస్తే సాకు అయిపోతుంది: దాని రాత అది, నేనేం చేయను. రామదాసు కథని మన పెద్దవాళ్ళు ఎటువైపు నుంచి చెప్పారో గమనించారా? "ఆ చిలక ఏదో పాపం చేసింది కాబట్టి పంజరంలో పడింది" అని ఆ కథలో ఎవరూ అనరు. పంజరం తలుపు ఎవరి చేతిలో ఉందో కథ వాళ్ళనే అడుగుతుంది.

ఇంకో వైపు కూడా ఉంది. "నేను పాపిని, నావల్లే ఇలా అయింది" అని కుమిలిపోవడం చాలా మందికి ధర్మంగా అనిపిస్తుంది. నిజానికి అందులో కూడా మనం చిలక వైపు చూడటం లేదు, మన వైపే చూసుకుంటున్నాం. ఒక విషయం ఆలోచించండి. ఈకలు పీక్కోవడానికి మన "పాపం"తో సంబంధం లేని కారణాలు బోలెడు. చర్మం మీద పురుగులు, ఈకల మొదళ్ళలో బ్యాక్టీరియానో ఫంగసో చేరడం, పేగుల్లో పరాన్నజీవులు, లివర్ జబ్బు, కేజ్ పూతలోని జింక్ లేదా సీసం కొరికి తినడం వల్ల విషం ఎక్కడం, పొడి గాలి, పోషకాలు లేని తిండి. ఇవేవీ ఏడిస్తే పోవు, రక్త పరీక్ష చేయిస్తే తెలుస్తాయి. మొదటి ప్రాయశ్చిత్తం వెట్ అపాయింట్‌మెంటే అని నా గట్టి నమ్మకం. అది కూడా పక్షుల వైద్యం తెలిసిన వెట్ దగ్గర. చిట్టిని మొదట చూసినాయన కుక్కలు, పిల్లుల డాక్టర్. రెండు నిమిషాలు చూసి కాలర్ రాసిచ్చారు. పక్షుల్ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు తల చూశారు.

తల ఎందుకంటే, చిలక ముక్కు ఒళ్ళంతా అందుతుంది కానీ సొంత తలకి అందదు. తల మీద ఈకలు నిగనిగలాడుతూ, మెడ కింద నుంచి బోడిగా ఉంటే అది పీక్కుంటోందని అర్థం. తల మీద కూడా ఈకలు పాడైతే వేరే జబ్బు అనుమానించాలి. ముక్కు, ఈకలు రెండింటినీ దెబ్బతీసే ఒక వైరస్ ఉంది, అది పక్కనున్న పక్షులకీ అంటుకుంటుంది. అదే కేజ్‌లో ఇంకో పక్షి కూడా తోడుగా ఉంటే అదే తలలో పీకి ఉండొచ్చు. అలాగే ఈకలు వాటంతట అవే రాలి కొత్తవి రావడం వేరు, దానికి కంగారు పడక్కర్లేదు. అప్పుడు చర్మం మచ్చలు మచ్చలుగా బయటపడదు.

చిట్టికి పరీక్షల్లో పెద్ద జబ్బేమీ తేలలేదు. తేలింది తిండి సంగతి. మూడేళ్ళుగా దాని ప్రధాన ఆహారం పొద్దుతిరుగుడు గింజలు. అవి దానికి మన మిక్చర్ ప్యాకెట్ లాంటివి. కొవ్వు ఎక్కువ, విటమిన్ ఏ, కాల్షియం తక్కువ. గ్రే చిలకలకి కాల్షియం తగ్గితే చాలా ఇబ్బంది. డాక్టర్ పెల్లెట్స్ మెల్లగా అలవాటు చేయమన్నారు, క్యారెట్, చిలగడదుంప, క్యాప్సికమ్, మునగాకు, జామకాయ పెట్టమన్నారు. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ దగ్గరికి కూడా రానివ్వొద్దన్నారు. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న విని అక్క కాసేపు మాట్లాడలేకపోయిందట. "కేజ్ ఇంట్లో ఎక్కడ పెట్టారమ్మా?"

హాల్లో, దేవుడి మందిరం పక్కన. మంచి చోటు అని. పొద్దున, సాయంత్రం అగరుబత్తి, శుక్రవారం సాంబ్రాణి. మనకి ఆ వాసన పీలిస్తేనే మనసు కుదుటపడుతుంది. పక్షి ఊపిరితిత్తుల నిర్మాణం వేరు. లోపలికి వెళ్ళిన గాలి ఒంట్లో ఉండే గాలి సంచుల గుండా తిరుగుతుంది, పొగ మనకంటే వాటిని చాలా తొందరగా దెబ్బతీస్తుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా బాగా కాలితే వచ్చే ఆవిరికి చిలకలు నిమిషాల్లో చచ్చిపోతాయి. అందుకే చెప్తున్నా, ఇది మన వ్యూయర్స్‌కి ప్రత్యేకంగా: ఇంట్లో పక్షి ఉంటే ధూపం వేరే గదిలో, తలుపు వేసి, కిటికీ తీసి. స్వామికి ఒక పువ్వు పెట్టినా సరిపోతుంది.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. జబ్బు లేదు, తిండి మార్చారు, పొగ లేదు. అయినా పీక్కుంటోంది. ఇప్పుడు?

గీత ఆరో అధ్యాయంలో ఆత్మౌపమ్యం అనే మాట వస్తుంది. సుఖమైనా దుఃఖమైనా అన్ని చోట్లా తనతో పోల్చి చూసేవాడే గొప్ప యోగి అని కృష్ణుడు అంటాడు. వినడానికి తేలిక. అక్క చేసింది కూడా అదే అని తను అనుకుంది. తనకి ఏసీ ఇష్టం, చిట్టికీ ఏసీ. తనకి సాయంత్రం సీరియల్ ఇష్టం, చిట్టికీ రాత్రి పదకొండు దాకా టీవీ. ఆఫీసు నుంచి రాగానే రెడీగా భోజనం ఉంటే తనకి ప్రాణం లేచొస్తుంది, కాబట్టి చిట్టి గిన్నె ఎప్పుడూ నిండుగా. కానీ "నాకు నచ్చింది దానికీ నచ్చుతుంది" అనడం ఆత్మౌపమ్యం కాదని నాకు అనిపిస్తుంది. అది నా ఇష్టాన్ని దాని ఒంటి మీద వేయడం. నా సుఖం నాకు ఎంత ముఖ్యమో, దాని సుఖం దానికి అంతే ముఖ్యం అని ఒప్పుకోవడం ఆ మాటకి అర్థం. దాని సుఖం ఏమిటో తెలుసుకోవాలంటే మన గురించి కాదు, దాని గురించి చదవాలి.

చదివితే ఏం తెలుస్తుంది? గ్రే చిలక పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల పక్షి. రాత్రిళ్ళు వందల సంఖ్యలో ఒకే చోట చేరి నిద్రపోతాయి. పగలంతా కిలోమీటర్లు ఎగురుతూ, కాయలు వెతుకుతూ, తొక్కలు ఒలుస్తూ, పక్కవాళ్ళతో అరుస్తూ గడుపుతాయి. తిండి వెతుక్కోవడం దానికి కష్టం కాదు, అదే దాని ఉద్యోగం. మన గిన్నెలో అయితే రోజు మొత్తం తిండి అరగంట, గంటలో అయిపోతుంది. మిగతా పగలంతా ఏం చేయాలి? విచిత్రం ఏంటంటే, పక్కన గిన్నెలో ఊరికే తిండి ఉన్నా, మూత తీసి, కాగితం చింపి తినేదాన్నే ఎంచుకోవడం చాలా జంతువుల్లో చూశారు, గ్రే చిలకల్లో కూడా. పని చేసి తినడం వాటికి ఇష్టం. దీన్ని చదివినప్పుడు నేను కొంచెం సిగ్గుపడ్డాను, నేనైతే గిన్నెనే ఎంచుకుంటాను.

అమెరికాలోని డేవిస్‌లో, కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు చిన్న వయసు అమెజాన్ చిలకల మీద చేసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. కొన్నిటికి మామూలు ఖాళీ కేజ్‌లు, కొన్నిటికి తిండిని వెతికి తీసుకునే ఏర్పాట్లు, ఎక్కడానికి, కొరకడానికి రకరకాల వస్తువులు. ఖాళీ కేజ్‌లో ఉన్నవాటి ఈకలు పాడయ్యాయి, పని ఉన్నవాటివి బాగున్నాయి. తర్వాత ఖాళీ కేజ్ పక్షులకి కూడా అవే ఏర్పాట్లు ఇస్తే వాటి ఈకలూ మెరుగయ్యాయి. అంటే మాన్పించాల్సిన పని ఎవరూ చేయలేదు. చేయడానికి ఇంకో పని ఇచ్చారు, అంతే.

ఆ బుర్ర ఎలాంటిదో కూడా తెలియాలి. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో షికాగోలోని ఒక పెట్ షాపులో అలెక్స్ అనే గ్రే చిలకని కొన్నారు. 2007లో అది చనిపోయేదాకా దాంతో పనిచేశారు. వందకి పైగా మాటలు, రంగులు, ఆకారాలు, ఆరు దాకా లెక్క, "ఏదీ తేడా లేదు" అని చెప్పగలగడం. మనం తెలుగులో "చిలక పలుకులు" అంటే అర్థం తెలియకుండా వల్లించడం అనే వాడతాం. అలెక్స్ సంగతి తెలిశాక ఆ మాట వాడాలంటే నాకు కాస్త ఇబ్బందిగా ఉంది. అలాంటి బుర్రని రోజుకి పది గంటలు గోడకి ఎదురుగా కూర్చోబెట్టి, సాయంత్రం ముద్దుచేస్తే సరిపోతుందా?

అక్క వాళ్ళు చేసింది చెప్తాను, పెద్ద ఖర్చేం లేదు. గిన్నె తీసేసి తిండిని దాచడం మొదలుపెట్టారు. కాగితంలో చుట్టి, మోదుగ విస్తరాకు మడతల్లో పెట్టి, అట్టపెట్టెలో వేసి, మొక్కజొన్న కండె మీద గుచ్చి. నున్నటి చెక్క కర్రలు తీసేసి, మందు కొట్టని వేప, జామ కొమ్మలు కడిగి ఆరబెట్టి పెట్టారు. కేజ్‌ని పడమటి గదికి మార్చి, రాత్రి ఏడున్నరకల్లా చీకటి చేసి పదకొండు, పన్నెండు గంటలు నిద్రపోనిచ్చారు. అక్కకి ఇది బాగా కష్టమైంది, ఆఫీసు నుంచి వచ్చి చిట్టితో గడిపే టైమ్ ఇప్పుడు పొద్దున్నకి మారింది, అంటే తను ఐదున్నరకి లేవాలి. రోజు విడిచి రోజు గోరువెచ్చని నీళ్ళు తుంపరగా కొట్టడం. వీపు నిమరడం ఆపేశారు. తల, మెడ మాత్రమే. వీపు, రెక్కల కింద నిమిరితే దానికి జత దొరికిందన్న భ్రమ కలిగి హార్మోన్లు రేగుతాయని డాక్టర్ చెప్పారు. పక్క ఫ్లాట్‌లో రిటైర్ అయిన టీచర్ ఆంటీ ఉన్నారు. మధ్యాహ్నం ముప్పావు గంట వచ్చి కూర్చుని, చిట్టికి ఎక్కాలు చెప్తారు. ఆవిడకి కూడా పిల్లలు ఫారిన్‌లోనే. ఎవరికి ఎవరు తోడో నేను చెప్పలేను.

అన్నిటికంటే కష్టమైంది మాత్రం పట్టించుకోకపోవడం. చిట్టి ఈక పీకగానే ఇంట్లో అందరూ "చిట్టీ! వద్దు!" అని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పదిగంటలు ఒంటరిగా ఉన్న పక్షికి ఇదెంత పెద్ద బహుమతో చూడండి. ఈక పీకితే మనుషులొస్తారు. డాక్టర్ చెప్పింది రివర్స్‌లో: పీకుతున్నప్పుడు అటు చూడొద్దు, కాగితం చింపుతున్నప్పుడు, పాడుతున్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు వెళ్ళి మాట్లాడండి.

ఇక్కడే నాకు గీతలో అందరికీ తెలిసిన ఆ మాట కొత్తగా అర్థమైంది. ఫలం మీద నీకు అధికారం లేదు అనేది. ఇన్నాళ్ళూ దాన్ని ఎగ్జామ్ ముందు, అప్రైజల్ ముందు చెప్పుకునే ఓదార్పుగానే విన్నాను. చిట్టి విషయంలో అది అక్షరాలా వైద్యం. అక్క రోజూ పొద్దున టార్చ్ వేసి కొత్త ఈకలు వచ్చాయా అని ఛాతీ వెతికేది. ఫలం కోసం ఆ ఆత్రమే చిట్టిని కంగారు పెట్టేది, పీకితే ఏం జరుగుతుందో దానికి గుర్తు చేసేది. పైగా ఫలం నిజంగానే మన చేతిలో లేదు. పీకిన ఈక చోట కొత్తది రావడానికి వారాలు పడుతుంది. మధ్యకి కొరికేసినదైతే మళ్ళీ ఈకలు మారే కాలం దాకా ఆగాలి. ఏళ్ళ తరబడి పీక్కుంటే ఈక మొదలే దెబ్బతిని ఇంక ఎప్పటికీ రాకపోవచ్చు. కొన్ని చిలకలు అన్నీ సరిచేశాక కూడా పీక్కుంటూనే ఉంటాయి. అప్పుడు మనం చేసిందంతా వృథానా? ఈకలే లెక్క అయితే వృథా. చిలకకి రోజు బాగా గడుస్తోందా, తింటోందా, ఆడుతోందా, నిద్రపోతోందా అన్నది లెక్క అయితే కాదు.

చిట్టికి మూడు నెలలకి తెల్లటి నూగు వచ్చింది, తర్వాత తొడల మీద ఈకలు. దీపావళి టపాకాయలకి మళ్ళీ సగం పీకేసుకుంది. మళ్ళీ మొదటి నుంచి. ఇప్పటికీ ఛాతీ మధ్యలో అరచేతి గుంటంత చోట చర్మం కనిపిస్తుంది. డాక్టర్ అది అలాగే ఉండిపోవచ్చు అన్నారు. అక్క టార్చ్ వేయడం మానేసింది.

"ఇంత బాధెందుకు, వదిలేస్తే పుణ్యం కదా?" అని కూడా కొందరు రాశారు. ఈ మాట మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. పండగ రోజు బజార్లో పంజరం పిట్టల్ని కొని ఎగరేసి ఫోటో దిగేవాళ్ళని చూశాను. మనం ఎగరేయడానికి కొంటాం కాబట్టే వాటిని వల వేసి పడతారు. దారిలో చచ్చినవి ఫోటోలోకి రావు. చిట్టి లాంటి పక్షిని హైదరాబాద్ ఆకాశంలోకి వదిలితే దానికి ఇక్కడి చెట్లు తెలీవు, తిండి తెలీదు, గద్ద తెలీదు. వారం బతకడం కష్టం. ఆ విడుదల మన మనసుకే, దానికి కాదు. మన రామచిలుక అయితే సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అలాగని రెక్కలు కత్తిరించిన పక్షిని బాల్కనీ నుంచి విసరకూడదు. అటవీ శాఖ వాళ్ళకి అప్పగిస్తే దానికి ఎగరడం వచ్చాక వదులుతారు. ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ పక్షి ఉంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇది చాలా మందికి తెలీదు.

కొత్తగా కొనాలనుకునేవాళ్ళకి నా మాట సూటిగా: వద్దు. విపరీతంగా పట్టి అమ్మడం వల్ల ఘనాలో ఈ పక్షులు 1990ల నుంచి నూటికి తొంభై పైనే తగ్గిపోయాయి. 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైట్స్ సమావేశంలో ప్రపంచ దేశాలు అడవి గ్రే చిలకల వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. "మీనాక్షి అమ్మవారి చేతిలో చిలక ఉంది, గోదాదేవి చేతిలో ఉంది, ఇంట్లో ఉంటే శుభమే కదా" అంటారు. ఉంది. చేతిలో ఉంది, పంజరంలో లేదు. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తల్లి చేతిలో ఉండే చిలకని రోజూ ఆకులతో కొత్తగా కడతారు, ముక్కుకి దానిమ్మ పువ్వు పెడతారు. ఏ పక్షినీ పట్టక్కర్లేదు. రెక్కలు కత్తిరించిన చిలక చేత కార్డు తీయించి మన భవిష్యత్తు అడగడం కంటే ఇదే అందంగా లేదూ?

మరి ఇప్పటికే ఇంట్లో ఉన్నదాని సంగతి? మహాభారతం అనుశాసన పర్వంలో భీష్ముడు ధర్మరాజుకి ఒక చిలక కథ చెప్తాడు. కాశీ రాజ్యంలో ఒక వేటగాడి విషపు బాణం గురి తప్పి పెద్ద చెట్టుకి తగులుతుంది. చెట్టు ఎండిపోతుంది. పక్షులన్నీ వెళ్ళిపోయినా తొర్రలో ఉన్న ఒక చిలక మాత్రం వెళ్ళదు. చెట్టుతో పాటే శుష్కించిపోతుంది. ఇంద్రుడు బ్రాహ్మణుడి వేషంలో వచ్చి, ఇన్ని పచ్చటి చెట్లు ఉండగా దీన్నే ఎందుకు పట్టుకుని ఉన్నావు అని అడుగుతాడు. ఇక్కడే పుట్టాను, ఇక్కడే పెరిగాను, ఇదే నన్ను శత్రువుల నుంచి కాపాడింది, బాగున్నన్నాళ్ళు ఉండి ఇప్పుడెలా వదలను అంటుంది చిలక. ఇంద్రుడు వరం కోరుకోమంటే తన కోసం ఏమీ అడగదు, చెట్టుని బతికించమంటుంది. ఆ గుణానికి అక్కడ వాడిన మాట ఆనృశంస్యం. క్రూరత్వం లేకపోవడం అని అర్థం, కానీ అందులో విడిచిపెట్టకపోవడం కూడా ఉంది. యక్షప్రశ్నల్లో ధర్మరాజు కూడా దీన్నే పరమ ధర్మం అంటాడు.

ఈ కథని నేను చాలాసార్లు చిలక వైపు నుంచే విన్నాను. చిట్టిని చూశాక చెట్టు వైపు నుంచి ఆలోచించడం మొదలుపెట్టాను. మనం చేత్తో తినిపించి పెంచిన చిలకకి ఆ చెట్టు మనమే. అది ఎంచుకున్నది కాదు, మనం దానికి వేరే చెట్టు లేకుండా చేశాం. చెట్టు ఎక్కడికీ వెళ్ళదు, అదే దాని గొప్పతనం. మనం తొమ్మిది గంటలు ఆఫీసుకి వెళ్ళే చెట్లం. ట్రాన్స్‌ఫర్లు, పెళ్ళిళ్ళు, వీసాలు ఉన్న చెట్లం. గ్రే చిలక బాగా చూసుకుంటే 40, 50 ఏళ్ళు బతుకుతుంది. నా వయసువాళ్ళు ఇవాళ ఒకదాన్ని తెచ్చుకుంటే అది మన రిటైర్‌మెంట్ కూడా చూస్తుంది.

బావగారికి ఇప్పుడు డాలస్ ఆఫర్ వచ్చింది. గ్రే చిలకని దేశం దాటించాలంటే రెండు దేశాల అనుమతులూ కావాలి, దొరుకుతాయన్న భరోసా లేదు. అక్క "చిట్టి సంగతి తేలకుండా నేను రాను" అంది. బావగారికి కోపం వచ్చింది. "ఒక పక్షి కోసమా?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ ఆఫర్ కోసం ఆరేళ్ళు కష్టపడ్డారు, ఇంట్లో అప్పులున్నాయి, అవి కూడా ధర్మమే. అలాగని అక్కది మొండితనం అని కూడా అనలేను. తను ఒక్కసారి ఆఫీసుకి వెళ్తేనే ఛాతీ బోసిపోయేదాకా పీక్కున్న పక్షిని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే రోజు ఎవరి చేతిలోనో పెట్టి వెళ్ళడం ఎలాంటిదో తనకే తెలుసు. నెల రోజులు వాదించుకున్నారు. చివరికి తేలింది ఇది: బావగారు ముందు వెళ్తారు, అక్క ఏడాది ఆగుతుంది. ఈ ఏడాదిలో చిట్టికి ఇంకో చెట్టు మెల్లగా అలవాటు కావాలి. ఒక్క రోజులో కేజ్ మార్చడం కాదు. అదే వేప కొమ్మలు, అదే విస్తరాకు పొట్లాలు, అదే ఏడున్నర చీకటి. వారానికి ఒక రోజు, తర్వాత రెండు, తర్వాత అక్క ఊళ్ళో లేని వారం.

ఆ ఇంకో ఇల్లు మాదే. నేను వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని, అమ్మానాన్న ఎప్పుడూ ఇంట్లోనే. మొదటిసారి వచ్చే ఆదివారం. నాన్న అప్పుడే బాల్కనీకి మెష్ కొట్టించారు. అమ్మ సాంబ్రాణి గిన్నె మేడ మీదికి మార్చేసి, నాన్‌స్టిక్ పెనం పని మనిషికి ఇచ్చేసింది. "ఆవిడింట్లో చిలక లేదు కదా?" అని అడిగి మరీ ఇచ్చింది.